పదహారున్నర రూపాయల ఓటరు

మునుగోడు ఓటరు ఖరీదు పదహారున్నర రూపాయలు. నా లెక్క కాదు, చట్టం లెక్క. 2022 ఉపఎన్నికలో అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు, ఓటర్లు సుమారు 2.41 లక్షలు. భాగించుకోండి. ఒక చాయ్, తాగుతూ చదువుకోవడానికి ఒక పేపరు. అంత మాత్రానికే మనసు కరిగి 93 శాతం మంది పోలింగ్ కేంద్రాలకు కదిలారు!

మరి పోలింగుకు ముందు కొన్ని ఊళ్లలో జనం ‘మా డబ్బులేవి’ అంటూ రోడ్డెందుకెక్కారు? అంతకుముందు ఏడాది హుజూరాబాద్‌లోనూ ఇదే పేచీ: పక్కింటికి కవరు ముట్టింది, మాకు ముట్టలేదు. వాళ్లను వెక్కిరించకండి. ఈ దేశంలో పంపిణీ న్యాయం కోసం జరిగిన నిఖార్సయిన ధర్నాలవే. పింఛను ఆగితే ఇంత ధీమాగా అడగగలరా?

గెలిచినా ఓడినా 30 రోజుల్లో అభ్యర్థి లెక్క చూపాలి. చాయ్, టిఫిను, కుర్చీ, షామియానా, డప్పు... ఒక్కోదానికీ అధికారులే రేటు కడతారు. కవరుకు రేటు లేదు. రేటు లేనిది లెక్కలో ఉండదు, లెక్కలో లేనిది లోకంలోనే లేదు. అప్పటికీ ఇరుకనిపిస్తే పార్టీ ఉంది. అభ్యర్థిని గెలిపించమంటూ కాకుండా పార్టీ పేరున చేసే ప్రచారానికి పరిమితే లేదు. దూడకు పలుపేసి ఆవును చేలో వదిలాం.

ఇక ఆ పేపరు సంగతి. 2009 ఎన్నికలప్పుడు మహారాష్ట్రలో ముఖ్యమంత్రిని కీర్తిస్తూ ఒకే వ్యాసం పోటీ పత్రికల్లో అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. భక్తులందరికీ ఒకే స్తోత్రం స్ఫురించింది కాబోలు! డబ్బు తీసుకుని వార్తలా అచ్చేసే ఈ ‘పెయిడ్ న్యూస్’ నిగ్గు తేల్చమని ప్రెస్ కౌన్సిల్ ఇద్దరిని నియమించింది. ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు 2010లో పేర్లతో సహా 71 పేజీలు రాసిచ్చారు. కౌన్సిల్ పేర్లు పీకేసి, కొద్ది పేజీలకు కుదించింది. పూర్తి పాఠం అధికారికంగా బయటికి రావడానికి కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది.

ఇప్పుడు నాయకులకు వార్తలు కొనే తిప్పలు తగ్గాయి. వార్తను కొంటే తప్పు, ఛానెల్‌నే కొంటే వ్యాపారం. అద్దె కొంపలో గోడకు మేకు కొట్టాలంటే ఓనరునడగాలి; సొంతింట్లో ఎవరినడగాలి?

చాయ్ చల్లారుతోంది. పేపరు తిరగేశాను. మొదటి పేజీ నిండా మా అభ్యర్థి నవ్వుతున్నాడు. కింద ఎక్కడా ‘ప్రకటన’ అని లేదు.