మిరప గర్భ రహస్యం (టీకా తాత్పర్య సహితం)

తే.గీ.
కాల్చి మిరపను నల్లగా కప్పి యుంచి
తోలు నొలిచి మెల్లగ గింజ తుడిచి వైచి
రొయ్య తునుకల చీజుతో రుచిగ నింపి
యుడుకు నూనెలో నురుగుతో నొప్ప వేచు!

అవతారిక

ఈ పద్యం రాసిందీ నేనే, టీకా రాస్తున్నదీ నేనే. కవి హృదయం కోసం ఎవరి గుమ్మమూ తొక్కే పని లేదు. అయితే సొంత పద్యానికి సొంతంగా టీకా రాసుకునేవాడు మెచ్చుకోళ్లలో పడి మిరపకాయను మరిచిపోతాడేమోనని అనుమానం వచ్చి, భీమవరం పక్క పల్లె శిష్యుణ్ణొకణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. వాళ్ల మామయ్యకు రొయ్యల చెరువులున్నాయి. గురువేదో లఘువేదో వాడికి ఇప్పటికీ పట్టుబడలేదు గానీ, కౌంటు చెబితే ఆ రోజు ధర చెప్పేస్తాడు. ఈ పద్యానికి అంతకన్నా యోగ్యుడైన శ్రోత దొరకడు.

ఇక సందర్భం. మెక్సికోలో కూరిన మిరపకాయను చీలె రెయేనో అంటారు. ప్యూబ్లా నగరం పేరు మీద పొబ్లానో అని పిలిచే కాయ అందులో నాయిక. అరచేయంత పొడవు, వెడల్పాటి భుజాలు, నలుపుకు దగ్గరైన ఆకుపచ్చ. ఇదే కాయ పండి ఎండితే పేరు మార్చుకుని ఆంచో అవుతుంది. లోపలి ప్రాంతాల్లో దీన్ని చీజుతోనో, కైమాతోనో నింపుతారు. పసిఫిక్ తీరాన, మసత్లాన్ రేవు ఉన్న సినలోవా రాష్ట్రం వైపు, రొయ్యలూ చీజూ కలిపి పెడతారు. మన పద్యానిది ఆ తీరపు సంప్రదాయం.

ప్రతిపదార్థము

మిరపను = పొబ్లానో మిరపకాయను; నల్లగా = పైతోలు బొబ్బలెక్కి మాడేటట్టు; కాల్చి = పట్టకారుతో పట్టి, సెగ మీద అటూ ఇటూ తిప్పి; కప్పి యుంచి = గిన్నెలో వేసి, మూతపెట్టి, పావుగంట దాని జోలికి పోకుండా ఉండి; తోలున్ = మాడిన పొరను; ఒలిచి = వేళ్లతో లాగివేసి; మెల్లగ = కాయ చిరగకుండా, తొడిమ ఊడకుండా; గింజ = గింజలను, అవి పట్టుకుని వేలాడే తెల్లటి కండను; తుడిచి వైచి = గుడ్డతో తుడిచి పారవేసి; రొయ్య తునుకలన్ = పొట్టు వలిచి, నరం తీసి, తరిగిన రొయ్య ముక్కలను; చీజుతోన్ = కరిగి సాగే జాతి చీజుతో; రుచిగన్ = ఉప్పూ వెల్లుల్లీ సరిచూసి; నింపి = కూరి; ఉడుకు నూనెలోన్ = బాగా కాగిన నూనెలో; నురుగుతోన్ = గిలక్కొట్టిన గుడ్డు నురుగు తొడుగుతో; ఒప్పన్ = చూడముచ్చటగా ఉండేటట్టు; వేచు = వేపుము.

తాత్పర్యము

మిరపకాయను కాల్చి, ఒలిచి, రొయ్యలూ చీజూ కూరి, గుడ్డు సొనలో ముంచి వేపుకొమ్మని భావం. ఇంతేనా అంటే ఇంతే. తాత్పర్యం చదివి వంట చేసేయగలిగితే, వంటల పుస్తకం కొన్న ప్రతివాడూ నలుడో భీముడో అయ్యేవాడు. అసలు కథంతా విశేషాల్లో ఉంది.

విశేషములు

"నల్లగా" దగ్గరే శిష్యుడు చెయ్యెత్తాడు. "గురువుగారూ, మాడితే మా అమ్మ తిడుతుంది. మీరేమో ఏకంగా మాడ్చమంటున్నారు."

నాయనా, మాడాల్సింది తోలు, కాయ కాదు. పొబ్లానో పైపొర పలచగా, మైనం పూసినట్టు ఉంటుంది. ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు, నములుతుంటే పంటికింద చుట్టుకుంటుంది. మంట పెద్దది చేసి నేరుగా సెగ మీద పెడితే తోలు కింది తడి ఆవిరై పొరను పైకి లేపుతుంది. ముందు అక్కడక్కడా తెల్లగా ఉబ్బి, చిటపటమని, ఆ ఉబ్బు నల్లబడుతుంది. ఆ చప్పుడు ఆగిందంటే అక్కడ తిప్పాలన్నమాట. జాలిపడి మంట తగ్గించావో, తోలు మాడేలోపు లోపలి కండ ఉడికిపోయి కాయ చతికిలబడుతుంది. చతికిలబడిన కాయలో ఏమి కూరతావు?

"కప్పి యుంచి" అన్నది పాదం నింపడానికి వేసిన మాట కాదు. మూత కింద కాయ తన ఆవిరిలో తానే మగ్గి, మంటకు లొంగని చోట కూడా తోలు వదులుతుంది.

ఆ తర్వాత కవి "తుడిచి" అన్నాడు, "కడిగి" అనలేదు. ఇది గమనించదగ్గ చోటు. కొళాయి కింద పెడితే తోలూ గింజలూ నిమిషంలో పోతాయి; వాటితోపాటు ఇందాకటి పొగ వాసనా, కాల్చినప్పుడు ఊరిన రసమూ పోతాయి. ఛందస్సు కోసం కవి "కడిగి" మానుకున్నాడని ఎవరైనా అంటారేమో. "కడిగి" కూడా మూడు లఘువులే, నిక్షేపంలాంటి న గణం. చెడేది యతి ఒక్కటే. యతి చూసుకున్నవాడికి రుచి కూడా దక్కిన సందర్భాలు మన సాహిత్యంలో ఎక్కువ లేవు.

"గింజ తుడవాలంటే ముందు కాయ కొయ్యాలి కదండీ, కోసి అన్న మాటేదీ?" అన్నాడు శిష్యుడు.

దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. కవి రాయని క్రియను టీకాకారుడు తెచ్చి పెట్టే హక్కు మనకు అనాదిగా ఉంది. తొడిమకు వేలెడు దిగువ నుంచి నిలువునా ఒక్క గాటు, కొసదాకా పోకుండా. తొడిమ మాత్రం ఉండాలి. నూనెలోంచి తీసేటప్పుడూ, తినేటప్పుడూ అదే పిడి.

గింజల్లో కారం ఉంటుందన్నది లోకంలో స్థిరపడ్డ అపవాదు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో. గింజలకు సావాసదోషం. కారానికి కొలత కట్టినవాడు విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు, 1912లో. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేసుకుంటూ పోయి, రుచి చూసేవాళ్ల నాలుకకు మంట తెలియకుండా పోయేచోట ఆగి లెక్క వేశాడు. ఆ లెక్కన పొబ్లానో 1,000 నుంచి 2,000. గుంటూరు సన్నం 30,000 పైమాటే. అందుకే గుంటూరు కాయను కూరడానికి ఎవరూ పూనుకోరు; మన బజ్జీలకు కూడా వేరే కాయ ఉంది. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఆ బజ్జీ మిరపతో సరిపెట్టుకోవచ్చు గానీ దాని కండ పలచన, కాలిస్తే మిగిలేది తక్కువ. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకు ఈ బాధ లేదు.

"రొయ్య" దగ్గర నేను నోరు మూసుకుని శిష్యుడికి వ్యాసపీఠం అప్పగించాను. వాడు తడుముకోలేదు. "ముక్కలు చేసేదానికి 30 కౌంటెందుకండీ, దండగ. 60 కౌంటు వెనామీ పావుకిలో తీసుకుంటే నాలుగు కాయలకు సరి." కౌంటంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క, అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదని అర్థం. కావ్యశాస్త్రంలో ఇంత సూటి కొలమానం ఒక్కటీ లేదు.

"వంటకం వాళ్లది, పద్యం మనది. ఇది అతకదేమోనండీ" అన్నాడు వాడే మళ్లీ.

అతకకపోవడమేమిటి! మిరప పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియాలదీ పిప్పళ్లదీ. పోతే, మీ మామయ్య చెరువులో ఈదే వెనామీ ఎక్కడిదనుకున్నావు? మెక్సికోలోని సొనోరా నుంచి పెరూ ఉత్తర తీరం దాకా పసిఫిక్ సముద్రం దాని సొంత ఊరు. మన దేశంలో పెంచుకోవడానికి 2009లో అనుమతి వచ్చింది. గుంటూరు మిరపా, భీమవరం రొయ్యా ఒకే పుట్టింటివి; వేర్వేరు శతాబ్దాల్లో వచ్చి, దగ్గర దగ్గర జిల్లాల్లో కాపురం పెట్టి, ఇన్నాళ్లూ పలకరించుకోకుండా ఉన్నాయి. తమాషా ఏమిటంటే, ఈ వంటకంలో మెక్సికోకు పరాయివి మిగతావి. 1521లో అక్కడి రాజ్యాన్ని పడగొట్టిన స్పెయిన్ వాళ్లు వచ్చేదాకా ఆ నేల మీద ఆవు లేదు, కోడి లేదు, గోధుమ లేదు. కాబట్టి చీజూ గుడ్డూ పిండీ విజేతల వెంట వచ్చినవే. మొదటి రెండు పాదాలు స్థానికులవి, నాలుగో పాదం స్పెయిన్‌ది, మూడోదాంట్లో ఇద్దరూ పొత్తు కుదుర్చుకున్నారు.

"చీజుతో" అన్నచోట పనీరు వేయవచ్చునా అన్నది పూర్వపక్షం. కూడదు. పాలలో పులుపు పిండి విరగ్గొట్టిన పనీరు వేడికి కరగదు. నూనెలోంచి తీశాక కూడా వేసినప్పటి పలకలతోనే దర్శనమిస్తుంది. ఇక్కడ కావలసింది సాగేది. మెక్సికోలో వహాకా చీజు అని, వేడినీళ్లలో సాగదీసి దారపుండలా చుట్టి అమ్ముతారు. చివావా చీజు మరొకటి. 1922లో కెనడా నుంచి వచ్చి చివావా రాష్ట్రంలో స్థిరపడ్డ మెన్నొనైట్ రైతుల చలవ అది. మనకు దొరికేవాటిలో మొజరెల్లా వీటికి దగ్గరి చుట్టం, దాన్నీ సాగదీసే చేస్తారు.

శాస్త్రజ్ఞులు ఇక్కడ ఒక అడ్డుపుల్ల వేస్తారు. చేపలను పాలతో కలిపి తినరాదని చరక సంహిత చెప్పింది కదా, ఇది విరుద్ధాహారం కాదా అని. చరకుడు అన్నది చేప, అన్నది పాలు. రొయ్య చేప కాదు, చీజు పాలు కాదు. ఇంతకంటే లోతుకు వెళ్లడం నాకు లాభదాయకం కాదు. సముద్రపు సరుకు మీద చీజు రాల్చితే ఇటలీ వాళ్లూ మొహం చిట్లిస్తారు. సినలోవా వాళ్లకు ఈ పట్టింపులేవీ లేవు. రొయ్యలూ చీజూ కలిపిన టాకోకు గవర్నరు టాకో అని బిరుదిచ్చి మరీ తింటున్నారు.

"నింపి" విషయంలో ప్యూబ్లా వారిది మరో ప్రస్థానం. అక్కడ మాంసమూ పళ్లూ కూరి, పైన తెల్లటి అక్రోటు పప్పు సాసు పోసి, దానిమ్మ గింజలూ కొత్తిమీర జాతి ఆకూ చల్లుతారు. 1821లో మెక్సికో స్వాతంత్ర్య సేనాని అగుస్తీన్ దె ఇతుర్బిదె ఆ ఊరు వచ్చినప్పుడు, స్వాతంత్ర్య జెండా మూడు రంగులూ కనిపించేలా సన్యాసినులు వండిపెట్టారని ఐతిహ్యం. గొప్ప వంటకమే. కానీ దానికి సీసపద్యం కావాలి, మన తేటగీతికి మోయలేని బరువు.

ఛందస్సు సంగతి వచ్చింది కనుక: తేటగీతి పాదంలో ముందు ఒక సూర్యగణం, వెనక రెండు సూర్యగణాలు, నడుమ రెండు ఇంద్రగణాలు. అంటే పద్యం కూడా కూరినదే. ఇంద్రగణాల్లో ఒకటి రొయ్య, రెండోది చీజు అని వేరే చెప్పనక్కర్లేదు.

ధ్వని

నాలుగు పాదాల్లో నీరు అన్న మాట ఎక్కడా లేదు. కానీ పద్యమంతా నీటితో పేచీయే. చెప్పకుండా తోచడమే ధ్వని అయితే, ఈ పద్యానికి వ్యంగ్యార్థం తడి.

రొయ్యను చూడు. పచ్చిది కూరితే నూనెలో ఉన్న రెండు మూడు నిమిషాల్లో అది ఉడకనూ ఉడకదు, ఒళ్లంతా నీరు కక్కుతుంది. ఆ నీరు చీజును విరగ్గొట్టి, చీలికలోంచి జారి, నూనెలో పడి పేలుతుంది. అందుకని వెన్నలో వెల్లుల్లి వేసి, రొయ్య ముక్కలను ముందే ఒక పొంగు వేయించాలి. బూడిదరంగు పోయి గులాబీ రంగు తిరగగానే దించెయ్యాలి. ఆ ఎరుపు కొత్తగా వచ్చింది కాదు. పచ్చి రొయ్యలో ఒక ప్రోటీన్ దాన్ని కట్టిపడేసి ఉంచుతుంది, వేడికి ఆ కట్టు విడిపోతుంది. అక్కడితో ఆగనివాడికి దక్కేది రబ్బరు. దించాక జల్లెడలో వార్చి, చల్లారాకే చీజు తురుముతో కలపాలి. చల్లార్చకుండా కలిపితే చీజు గిన్నెలోనే కరిగి కూర్చుంటుంది. కూరాక గాటును టూత్‌పిక్‌తో కుట్టినట్టు గుచ్చాలి.

తర్వాత కాయను పొడి మైదాలో దొర్లించాలి. ఇది పద్యంలో లేదు, అధ్యాహారం రెండోసారి. ఒలిచిన కాయ నున్నగా, చెమ్మగా ఉంటుంది, నురుగు దాని మీద నిలవదు. పిండి ఆ చెమ్మ పీల్చి నురుగుకు పట్టునిస్తుంది.

నురుగు చెయ్యడంలో శిష్యుడు ఉత్సాహపడ్డాడు, నేనూ వద్దనలేదు. మూడు గుడ్ల తెల్లసొన విడదీసి, గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా గిలక్కొట్టాలి. పచ్చసొన ఒక్క చుక్క పడినా ఆ కొవ్వుకు నురుగు సరిగా లేవదు. చెయ్యి నొప్పి పుడుతుంది, గిన్నెలో మాత్రం నురుగు గట్టిపడదు. తెల్లసొన నిలబడ్డాక అప్పుడు పచ్చసొన మెల్లగా కలపాలి. మన బజ్జీకి శనగపిండి తొడుగు కరకరలాడాలి. దీనికి కరకర అక్కర్లేదు, దూదిలాంటి మెత్తదనం కావాలి. కరకరలాడలేదని వాపోయేవాళ్లు బజ్జీ తినాలి, ఈ పద్యం చదవకూడదు. నూనె 180 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. నురుగు చుక్క వేస్తే దాని చుట్టూ వెంటనే బుడగలు లేచాయా లేదా చూసుకుంటే చాలు.

పాఠాంతరము

"నొప్ప వేచు" అన్నది సాధుపాఠం. నురుగుతోన్, ఒప్పన్ అని పదచ్ఛేదం. పద్యాన్ని శుభ్రంగా ఎత్తి రాయమని శిష్యుడికిస్తే "నొప్పి వేచు" అని రాసుకొచ్చాడు. దిద్దబోయి ఆగాను. పొబ్లానో సాధు స్వభావమే గానీ, ఒకే బుట్టలోంచి తెచ్చిన వాటిలో కూడా అప్పుడప్పుడూ ఒకటి కోపిష్ఠిది తగులుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కాబట్టి రెండు పాఠాలూ గ్రాహ్యమే. ఏ కాయ ఏ పాఠాన్ని అనుసరిస్తుందో కొరికేదాకా తేలదు.

నాలుగు కాయల్లో ఒప్పు పాఠం మూడిటికి వచ్చింది. నాలుగోది శిష్యుడి పళ్లెంలో ఉంది. వాడు చెంబు అందుకున్నాడు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదురా, నోరంతా పరుచుకుంటుంది, పాలపదార్థాల్లోని కేసీన్ అయితే దాన్ని ఊడ్చుకుపోతుంది అని నేను శాస్త్రం చెబుతుండగానే చెంబు ఖాళీ అయింది. ఆపైన వంటింట్లోకి పరిగెత్తి గ్లాసుడు మజ్జిగ పట్టించి, చరకుడేమన్నాడో మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు.