అన్ని కాగితాలూ

మామగారు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ప్రపంచ కప్పులో ఇండియా, దక్షిణాఫ్రికా మ్యాచ్ చూడ్డానికి విశాఖ నుంచి సొంత కారులోనే బయల్దేరారు. రైల్లో రమ్మని ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే అల్లుడు చెప్పి చూశాడు.

"పదహారో నంబరు హైవే ఎక్కితే తిన్నగా బెంగాలే. రూల్సు తెలిసినవాడికి ఏ ఊరైతే ఏం బాబూ?" అన్నారాయన.

2023 నవంబరు 5, ఆదివారం. పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో అల్లుణ్ణి ఎక్కించుకున్నారు. స్టీరింగ్ ఇవ్వలేదు. బళ్లు తనిఖీ చేసినవాళ్లకి పక్కసీట్లో కూర్చోవడం చేతకాదు. అల్లుడు బెల్టు పెట్టుకునేదాకా కారు కదల్లేదు. కోలాఘాట్ దాటేసరికి ఓవర్‌టేకింగు పాఠం పూర్తయింది. విద్యాసాగర్ సేతు టోలుగేటు దగ్గర ఆగినప్పుడు జేబులోంచి రెక్సిన్ కవరు తీసి చూపించారు.

"కాగితాలన్నీ ఒక్కచోట, వరసలో ఉండాలి. అడిగినవాడు వెతుక్కోకూడదు."

మ్యాచ్ రోజున ఈడెన్ గార్డెన్స్ చుట్టూ రోడ్ల మీద బండి నిలపనివ్వరు. చాందినీ చౌక్ దగ్గర బంగాళాదుంప వేసిన బిర్యానీ తిని, పార్కింగు వెతుక్కుంటూ ఒక వీధి మొదట్లోకి వచ్చారు. కోల్‌కతాలో కొన్ని వన్‌వేలు మధ్యాహ్నం దాకా ఒకవైపు, ఆ తర్వాత ఎదురువైపు నడుస్తాయి. బోర్డు ప్రకారం ఇంకో పావుగంటకి గానీ ఆ వీధిలోకి దారి లేదు. మామగారు ఇంజన్ ఆపేశారు.

వెనక హారన్లు మొదలయ్యాయి. పసుపు టాక్సీలు పక్కనుంచి తప్పించుకుని లోపలికి పోతున్నాయి. నీలం జెర్సీల కుర్రాళ్లు బైకుల మీద పోతున్నారు.

"అందరూ వెళ్తున్నారు మామయ్యగారూ."

"అందరూ వెళ్తే రూలు మారిపోతుందా?"

తెల్ల యూనిఫారం సార్జెంటు వచ్చాడు. దారికడ్డంగా ఎందుకు ఆపారని అడిగాడు. మామగారు బోర్డు చూపించారు. సార్జెంటు ఆ బోర్డు అడుగున చివరి వరస చూపించాడు. ఆదివారాలు మినహా. దాని పక్క స్తంభానికి ఇంకో బోర్డుంది. నో పార్కింగ్.

మామగారు వాదించలేదు. కవరు అందించారు.

సార్జెంటు ఒక్కొక్కటే తిరగేశాడు. లైసెన్సు. ఆర్సీ. ఇన్సూరెన్సు. పొల్యూషన్ సర్టిఫికెట్. ఐదో అరలో నాలుగు మడతల ఐదువందల నోటు. దాన్ని రెండు వేళ్లతో పైకి తీశాడు. మడత విప్పలేదు. ఒకసారి మామగారి వంక చూసి, తీసిన అరలోనే పెట్టేశాడు. చలానా రాసి, కవరు వెనక్కిచ్చి, ముందుకు పొమ్మని చెయ్యూపాడు.

మ్యాచ్ ఏకపక్షంగా సాగింది. కోహ్లీ తన పుట్టినరోజు నాడే 49వ వన్డే సెంచరీ కొట్టి సచిన్‌ని అందుకున్నాడు. 327 కొట్టాల్సిన దక్షిణాఫ్రికా 83కే చాప చుట్టేసింది. స్టేడియమంతా లేచి నిలబడితే మామగారు చలానా చదువుకుంటూ కూర్చున్నారు.

తిరుగుదారిలో చాలాసేపు ఓపిక పట్టాడు అల్లుడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా, మళ్లీ ఆ నోటెందుకండీ?"

మామగారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"నా సర్వీసు మొత్తంలో అది లేకుండా ఎవరూ నాకు కాగితాలు చూపించలేదు బాబూ."