‘రండి కూరుచుండి’ – సటీకా తాత్పర్యము

అవతారిక:

తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకే వచ్చి, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని, మధ్యాహ్నం రెండు దాటాక లోపలికి పిలుపందుకున్న ఒక అభ్యర్థితో ఇంటర్వ్యూ బోర్డువారు పలికిన పద్యమిది. కవి పేరు తెలియదు. ఉద్యోగం వచ్చినవాడికి పద్యాలు రాసే తీరిక ఉండదు గనుక, రానివాడే అయివుంటాడని ఊహ. ఛందస్సు ఆటవెలది. సీసం ఎత్తుకుంటే కింద గీతం కూడా చెప్పాలి, బోర్డువారికి భోజనం వేళ మించిపోతోంది.

రండి కూరుచుండి దండిగాఁ జెప్పుడు
మిమ్ముఁ గూర్చి మీరె మేలుమేలు!
ఐదు వత్సరాల యావల నెచ్చట
నుందురన్న? వచ్చు నుత్తరమ్ము.

ప్రతిపదార్థం:

రండి = లోపలికి రండి (ఈ గౌరవ బహువచనం జీతం మాట వచ్చేదాకా నిలుస్తుంది); కూరుచుండి = కూర్చుని (చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అని అధ్యాహారం); దండిగాన్ = మిక్కిలిగా; చెప్పుడు = చెప్పండి; మిమ్మున్ గూర్చి = మీ గురించి; మీరె = మీరే (బయోడేటా మా ముందే ఉన్నా మేము చదవలేదు గనుక అని భావం); మేలుమేలు = భేష్ భేష్; ఐదు వత్సరాల ఆవలన్ = అయిదేళ్ళు గడిచాక; ఎచ్చటన్ = ఎక్కడ (ఏ హోదాలో అని బోర్డు ఉద్దేశం, ఏ ఊళ్ళో అని అభ్యర్థి గ్రహింపు); ఉందురు అన్న = ఉంటారన్నా; ఉత్తరమ్ము = ఉత్తరం; వచ్చున్ = వస్తుంది.

తాత్పర్యం:

ఇక వెళ్ళిరండి.

విశేషాలు:

‘దండిగా’ అన్నది కేవలం ప్రాసయతి కోసం పడిన మాట అని కొందరంటారు. అది నిజమేననడానికి సుప్రీంకోర్టు సాక్ష్యం ఉంది. శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో సీట్లకు రాత పరీక్ష 100 మార్కులు, ఇంటర్వ్యూ 50. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలే ఇచ్చి, తల్లిదండ్రులెవరు, ఏ ఊరు అని మాత్రమే అడిగారని సీటు రాని విద్యార్థులు కోర్టుకెక్కారు. 1980లో అజయ్ హసియా కేసు తీర్పు చెబుతూ, ఇలాంటి ప్రవేశాల్లో ఇంటర్వ్యూకు మొత్తంలో 15 శాతం మించి మార్కులు పెడితే అది ఇష్టారాజ్యమే అవుతుందని, ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేస్తే మంచిదని న్యాయమూర్తులు అన్నారు. నాయన పేరు చెప్పించుకుని మూడోవంతు మార్కులు చేతిలో పెట్టుకోవడం చిన్న అధికారం కాదు. కేంద్ర ప్రభుత్వమైతే కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూనే ఎత్తేసింది. అడగడం చేతకాకపోతే మానేయడం కూడా ఒక పద్ధతే.

‘మీరె’ అన్నచోట ‘మేమె’ అని పాఠాంతరం. మీ గురించి మేమే చెబుతాం అని అర్థం. గణం చెడదు, యతికి భంగం లేదు. కార్యాలయాల్లో వ్యాప్తిలో ఉన్నదీ ఈ పాఠమే. అధ్యక్షులవారు సంస్థ పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టి, తాము చేరిన కొత్తలో పడిన కష్టాల మీదుగా వచ్చి, "మీరు కూడా కష్టపడే మనిషే అనుకుంటా?" అంటారు. అభ్యర్థి తలూపుతాడు. బాగా మాట్లాడాడని మార్కులు పడతాయి. మాట్లాడిందెవరో ఎవరూ గమనించరు.

‘మేలుమేలు’లో శ్లేష ఉంది. అభ్యర్థిపరంగా తన గురించి మేలైనవే చెప్పుకోవడం. బోర్డుపరంగా మధ్యలో భేషనడం. మొదటిది సహజం, కడుపు కోసం వచ్చినవాడు తన లోపాలు ఎందుకు చదువుతాడు? దోషమంతా రెండోదానిలోనే ఉంది. భేష్ అన్న మరుక్షణం ఎదుటివాడికి మన రుచి తెలిసిపోతుంది. అక్కడినుంచి అదే వడ్డిస్తాడు.

ఈ పద్యం కొలువులకే గాక పరిశోధకులకూ వర్తిస్తుందని చెప్పడం ఇక్కడే. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియే మార్చారు. ‘ఒకదానికొకటి తగిలినప్పుడు’ అని అడిగితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్ళు, ‘బద్దలయ్యేట్టు గుద్దుకున్నప్పుడు’ అంటే 40.5. వేగం పెంచింది డ్రైవరు కాదు, ప్రశ్న అడిగినవారు.

మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. అలాంటి పనిలో మాట ఎలా రాబట్టాలన్నదే అసలు విద్య. రాయలసీమ పల్లెలో నిలబడి "దీన్ని నాగలి అంటారు గదా?" అని అడిగితే, పట్నం నుంచి వచ్చిన సారును చిన్నబుచ్చడం ఎందుకని రైతు "ఆఁ, అట్లా గూడా అంటాం సార్" అంటాడు. ‘మడక’ అన్న మాట నోట్‌బుక్కు దాకా రాదు. నాగలి సీమలోనూ వాడుకలో ఉందని పరిశోధకుడు పేపరు రాసుకుంటాడు. వేలు చూపించి "దీన్నేమంటారు పెద్దాయనా?" అని ఊరుకుంటే సరిపోయేది. ఆ ఊరుకోవడమే కష్టం. ఎదుటివాడు ఆలోచించుకునే కాసేపు నిశ్శబ్దాన్ని భరించలేక మనమే జవాబు అందిస్తాం.

రెండో పాదం చివర ‘మేలు’, మూడో పాదం మొదట ‘ఐదు’. ఉకారం మీద అచ్చు వచ్చినా సంధి చేయకుండా వదిలేశాడు కవి. ఇది విసంధి దోషం. కావ్యాదర్శంలో దండి దీన్ని దోషాల్లో లెక్కపెట్టాడు (ఆయన పేరు మొదటి పాదంలోనే ఉన్నా కవికి గుర్తు రాలేదు). నా సమాధానం ఏమిటంటే, ఇక్కడిది దోషం కాదు, స్వభావోక్తి. బోర్డు అడిగే మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ సంబంధం ఉండదు గనుక సంధి లేదు. ఒకరిని క్రికెట్ గురించి, ఇంకొకరిని జావా గురించి అడిగి, ఇద్దరిలో ఎవరు మేలని తేలుస్తారు. ఉద్యోగ ఎంపికల మీద దశాబ్దాలుగా సాగిన అధ్యయనాలను పాల్ సాకెట్ అనే పరిశోధకుడి బృందం మళ్ళీ లెక్కగట్టి 2022లో ప్రకటించింది. ముందే ప్రశ్నలు రాసుకుని అందరినీ అవే అడిగి, ఒకే కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూకు, ఆ మనిషి తరవాత చూపే పనితనంతో సహసంబంధం 0.42. నోటికొచ్చింది అడిగే రకానికి 0.19. మొదటిది కూడా ఒకటికి చాలా దూరమే, కానీ రెండోదానికి రెట్టింపుకన్నా ఎక్కువ.

మార్కులు ఎవరికి వారు రాసి మూసిపెట్టాకే నోరు విప్పాలన్నది దీనికి అనుబంధం. అధ్యక్షులవారు ముందుగా "కుర్రాడు బాగానే ఉన్నాడు" అన్నారంటే తక్కిన నలుగురి అభిప్రాయం అక్కడితో సమాప్తం.

‘ఐదు వత్సరాల యావల’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది జ్యోతిషం. జరగబోయేది అడిగితే కోరిక చెబుతారు, జరిగింది అడిగితే పని చెబుతారు. "జీతాల బిల్లు ఆగిపోయిన నెలలో మీరు స్వయంగా ఏం చేశారు? తరవాత? అప్పుడు ఎవరు కాదన్నారు?" అని వివరాల్లోకి దిగితే, వినికిడి మీద బతికేవాడు మూడో ప్రశ్నకే ‘నేను’ వదిలి ‘మేము’ అంటాడు.

‘ఉత్తరమ్ము’ మళ్ళీ శ్లేష. జాబు, జవాబు. ‘వచ్చున్’ తద్ధర్మార్థక క్రియ. అంటే అది దాని స్వభావం, ఎప్పుడన్నది వ్యాకరణం చెప్పదు. అభ్యర్థి దీన్ని భవిష్యత్తుగా అన్వయించుకుని నెలరోజులు ఫోను చేతిలోంచి దించడు.

ఛందస్సు వల్ల కవి ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేకపోయాడని ఒక వ్యాఖ్యానం ఉంది. నేను ఒప్పుకోను. చివరి పాదాన్ని ‘నుందురన్న? కొలువు నొసఁగలేము’ అని కట్టినా సూర్యగణాలు అయిదూ కుదురుతాయి, ఉకారానికి ఒకారంతో యతి కూడా చెల్లుతుంది. బోర్డువారు ఆ మాట అనలేదు గనుకనే కవి రాయలేదు.