వానపాము సంతకం

"డెలివర్డ్" అంటోంది. పచ్చరంగులో, పక్కన టిక్కు పెట్టి మరీ అంటోంది. చేరాల్సిన మనిషేమో చేరలేదంటోంది. మధ్యలో పద్దెనిమిది వేల రూపాయల ఉప్పాడ జాందానీ చీర, నెమలికంఠం రంగుది, ఎక్కడుందో ఆ దేవుడికీ ఆ డెలివరీ అబ్బాయికీ తెలియాలి. ఇద్దరిలో ఎవరూ ఫోనెత్తడం లేదు.

మా ఆవిడ ఆన్‌లైన్‌లో చీరలమ్ముతుంది. నేను పార్సిళ్లు కడతాను, కొరియర్ ఆఫీసుకి మోస్తాను, తిట్లు తింటాను. మూడో శాఖలో పని ఎక్కువ.

"డెలివరీ అయిపోయినట్టే చూపిస్తోందండి," అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"నీకు చూపిస్తోంది బాబూ. ఆవిడకి కనిపించట్లేదు."

"పీఓడీ, అదే డెలివరీ రుజువు, ఉందండి. సంతకం కూడా ఉందండి."

ఉంటే చూపించమన్నాను. కంప్యూటర్ నావైపు తిప్పాడు. తెర మీద ఒక వానపాము ఉంది. ఎడమ నుంచి కుడికి కొంత దూరం పాకి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, అక్కడే ప్రాణం విడిచింది. డెలివరీ అబ్బాయి ఫోను మీద చూపుడువేలితో గీసిన సంతకమట అది. పుచ్చుకున్నవారి బంధుత్వం అన్న గడిలో "సెల్ఫ్" అని ఉంది. ఎవరి సెల్ఫో రాయలేదు.

"ఇది ఎవరి సంతకం?"

"తీసుకున్నవాళ్లదండి."

"తీసుకున్నదెవరు?"

"సంతకం పెట్టినవాళ్లండి ఆయ్."

ఇంత నిర్దుష్టమైన తర్కం ముందు ఎవరైనా ఏం మాట్లాడతారు? ఆ వానపామును ప్రింటు తీసి, మీద ఆఫీసు ముద్ర కొట్టి ఇచ్చాడు. ముద్ర మాత్రం దివ్యంగా పడింది.

నా బాధ వేరే. పార్సిల్ ఇచ్చేటప్పుడు నేనూ సంతకం పెడతాను. బాల్‌పెన్నుతో, ఇంటిపేరుతో సహా, కింద రెండు చుక్కలు పెట్టి. ఆ రసీదు వెనకాల ఆవగింజలో సగం సైజు అక్షరాల్లో షరతులుంటాయి. వాటిని చదివినవాణ్ని నేనింతవరకూ చూడలేదు, అచ్చేసినవాడితో కలిపి. కానీ అవి చెల్లుతాయి! 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. జర్మనీకి పంపిన సరుకు తాలూకు కాగితాలు కొరియర్లో చేరలేదు, సీజను దాటిపోయింది, వ్యాపారికి బోలెడంత నష్టమొచ్చింది. రసీదు మీద బాధ్యత వంద డాలర్లకే పరిమితమని రాసుంది, నువ్వు సంతకం పెట్టావు, కాబట్టి వంద డాలర్లే పుచ్చుకో అంది కోర్టు. అంటే పంపేవాడు పెట్టిన సంతకం సుప్రీంకోర్టు దాకా నిలబడుతుంది. పుచ్చుకునేవాడు పెట్టిన సంతకం పక్కవీధి దాకా కూడా పాకదు.

నోటీసులకైతే మన చట్టం ఎంత ఉదారంగా ఉంటుందో చూడండి. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, టిక్కెట్లంటించి, రిజిస్టరు చేసి పోస్టులో వేస్తే, కాదని ఎవరైనా నిరూపించేదాకా చేరినట్టే లెక్క. నోటీసు పంపితే చేరినట్టే. చీర పంపితే చేరనట్టే.

పోనీ ఇంకా మంచి రుజువులు లేవా అంటే ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో ముచ్చట. రిజిస్టర్డ్ పోస్టుకి వెనకాల కట్టే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఉండేది. అది తిరిగొచ్చేసరికి పంపింది ఏమిటో మనమే మర్చిపోయేవాళ్లం. 2025లో రిజిస్టర్డ్ పోస్టునే స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ అక్టోబరు 1 నుంచి అయిదు రూపాయలూ, దాని మీద జీఎస్టీ కడితే చిరునామాలో రాసిన మనిషికే ఇస్తామన్నారు. ఇంకో అయిదూ జీఎస్టీ కడితే ఓటీపీ చెప్పినవారికే ఇస్తామన్నారు. చవకే, కాదనను. ప్రైవేటువాళ్లయితే ఫొటో తీస్తారు. మొన్నొకటి పంపారు: గేటు, రెండు జతల చెప్పులు, పార్సిల్, దాని పక్కన ఒక కాలి బొటనవేలు. కొన్నావిడకి పంపితే "గేటు మాదేనండీ, వేలు మాది కాదు" అంది.

ఓటీపీ అన్నిటికన్నా గట్టిదంటారు. ఎంత గట్టిదో చెప్తాను. గుంటూరులో తల్లికి డల్లాస్‌లో కూతురు చీర కొంటుంది. ఆర్డరు పెట్టింది కూతురు కాబట్టి ఓటీపీ ఆమెకే పోతుంది. గుంటూరులో మిట్టమధ్యాహ్నం డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి "ఓటీపీ చెప్పండమ్మా" అంటాడు. డల్లాస్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటిపోయి ఉంటుంది, అమ్మాయి నిద్రలో ఉంటుంది. "ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు చెప్పారు బాబూ" అంటుంది తల్లి, ఆవిడకి తెలియని నంబరు గురించి. అతను మూడంతస్తులు దిగి వెళ్లిపోతాడు. చీర వెనక్కొస్తుంది. వెనక్కి రావడానికి మాత్రం ఓటీపీ అక్కర్లేదు, ఛార్జీ కడితే చాలు.

అసలు విలువైన సరుకుకి డెలివరీ రుజువు ఎలా ఉండాలో మనవాళ్లకి తెలియక కాదు. అంతా వాల్మీకి రామాయణంలోనే ఉంది. బుకింగు కిష్కింధలో. పంపినవాడు రాముడు. సరుకు, పేరు చెక్కిన ఉంగరం ఒకటి. చిరునామా, దక్షిణ దిక్కు. అంతే! పిన్‌కోడ్ లేదు, అది 1972 ఆగస్టు 15న గానీ రాలేదు. ల్యాండ్‌మార్కు లేదు. "రామాలయం వెనక సందు" అని రాద్దామన్నా అప్పటికింకా రామాలయాలు లేవు. సుగ్రీవుడు నాలుగు దిక్కులకీ నాలుగు బృందాల్ని పంపాడు, నెల రోజుల గడువిచ్చాడు, దాటితే మరణదండన అన్నాడు. ఇప్పటి కంపెనీలు ఇంకా అంతదాకా రాలేదు, జీతంలో కోస్తున్నాయి. దక్షిణానికి వెళ్లినవాళ్లు గడువు దాటిపోయి, చిరునామా దొరక్క, తిరిగెళ్లే ధైర్యం లేక సముద్రపు ఒడ్డున దర్భలు పరుచుకుని ప్రాయోపవేశానికి కూర్చున్నారు. అప్పుడు రెక్కలు కాలిన ముసలి గద్ద సంపాతి, కూర్చున్నచోటు నుంచి నూరు యోజనాల అవతల చూసి, అదిగో లంక, అందులో సీత అని లైవ్ లొకేషన్ పంపాడు.

ఇక డెలివరీ. హనుమంతుడు సరుకుని గుమ్మంలో పడేసి ఫొటో తీసుకుపోలేదు. సీతమ్మ కూడా ఇటివ్వు నాయనా అని చెయ్యి చాపలేదు. రావణుడే వేషం మార్చుకొచ్చాడేమోనని అనుమానపడింది. రాముడెలా ఉంటాడో, లక్ష్మణుడెలా ఉంటాడో చెప్పమంది. పాపం ఆయన నెత్తి నుంచి గోళ్ల దాకా వర్ణించుకొచ్చాడు. కేవైసీకే ఒక సర్గ పట్టింది. అప్పుడు గానీ ఉంగరం చేతులు మారలేదు. తర్వాత, తల్లీ నా వీపెక్కు తీసుకుపోతానని రిటర్న్ పికప్ కూడా ఇస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. సరే, మరి నేను నిన్ను చూసినట్టు ఆనవాలివ్వమన్నాడు. అప్పుడు సీత చెప్పింది కాకాసురుడి కథ. చిత్రకూటంలో జరిగింది, ఆలుమగలిద్దరికే తెలిసింది. ఇంతకన్నా ఓటీపీ ఏముంటుంది? ఏ నంబరుకీ వెళ్లదు, డల్లాస్ నిద్ర లేవక్కర్లేదు. అది చాలదన్నట్టు కొంగుముడి విప్పి చూడామణి తీసిచ్చింది. మాట ఒకటి, వస్తువు ఒకటి, జంట రుజువు. డెలివరీ ఇచ్చినవాడు వెళ్తూ వెళ్తూ ఊరు తగలబెట్టాడన్న ఫిర్యాదు ఉంది గానీ, అది పుచ్చుకున్నవారు ఇచ్చింది కాదు.

అయినా ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది చూడామణి కాదు, మధువనం. పని ముగించుకుని తిరిగొస్తూ వానరులు సుగ్రీవుడి తేనెతోటలో పడ్డారు. తాగారు, తూలారు, కాపలావాళ్లని తన్నారు. తోట చూసుకునే దధిముఖుడు, స్వయానా సుగ్రీవుడి మేనమామ, లబోదిబోమంటూ ఫిర్యాదుకొచ్చాడు. వినగానే సుగ్రీవుడి ముఖం విప్పారింది. పని కాకపోతే వీళ్లకి నా తోట జోలికొచ్చే ధైర్యమెక్కడిది? సీత జాడ దొరికి తీరాలి అన్నాడు. గమనించారా! చూడామణి ఇంకా దారిలోనే ఉంది. చేతికందిన మొదటి డెలివరీ రుజువు ఒక కంప్లయింటు. మేనేజ్‌మెంటు అంటే అదీ. ఆ కుర్చీలో మా కౌంటర్ కుర్రాడుంటే దధిముఖుడికి టికెట్ నంబరిచ్చి నలభై ఎనిమిది గంటలు ఆగమనేవాడు.

"రామాయణం ఆపి కొరియర్‌కి ఫోన్ చెయ్యండి," అంది మా ఆవిడ.

చెయ్యక్కర్లేకపోయింది. ఓ సాయంత్రం కొన్నావిడే మెసేజ్ పెట్టింది: "రంగు ఫొటోలో ఉన్నట్టు లేదండీ. ఇంకాస్త ముదురుగా ఉంది." నేను కుర్చీలోంచి లేచి "దధిముఖుడొచ్చాడు!" అని అరిచాను. జరిగిందేమిటంటే, ఎదురు ఫ్లాట్ పిన్నిగారు పార్సిల్ పుచ్చుకుని, తెర మీద వేలు పెట్టి, చీరని భద్రంగా తన బీరువాలో దాచి, తాళం వేసుకుని కూతురి పురిటికి వెళ్లిపోయింది. వానపాము ఆవిడదే. ఇంతకాలం పోయిందన్న చీర దొరికినందుకు కొన్నావిడ ఒక్క ముక్క అనలేదు. రంగు గురించే మాట్లాడింది, చాలాసేపు.

ఇది సుఖాంతం కిందే లెక్క. అంతకుముందు ఒకామె పెట్టె చేరిందనే ఒప్పుకుంది, లోపల పాత తువ్వాలుందంది. పెట్టె చేరినట్టు సంతకముంది, ఓటీపీ ఉంది, ఫొటో ఉంది. లోపల ఏముందో చెప్పే రుజువు మాత్రం లేదు. లా చదువుతున్న మా మేనల్లుడు సలహా ఇచ్చాడు. "కట్టేటప్పుడు వీడియో తియ్యి మావయ్యా. మధ్యలో ఆపకూడదు. చీర రెండువైపులా చూపించాలి, బిల్లు చూపించాలి, తూకం చూపించాలి. ఆ వీడియో కోర్టులో చెల్లాలంటే మళ్లీ సర్టిఫికెట్టు కావాలి. ఇదివరకు అరవైయైదు బీ అనేవాళ్లు, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో అరవైమూడో సెక్షను." రుజువుకి రుజువన్నమాట. ఆ సర్టిఫికెట్టుకి ఏం కావాలో నేనడగలేదు. చివరికి ఇంకోమాటన్నాడు. "బిల్లులో లేనిది పెట్టెలో ఏదీ ఉండకూడదు."

మా ఆవిడ మొదటి చీర పంపిన రోజు నుంచీ ప్రతి చీర మడతలోనూ పసుపుకుంకుమల పొట్లం పెట్టేది. ఆడపిల్లకి చీర ఉత్తినే ఇవ్వకూడదనేది. కొన్నవాళ్లు ఎవరో, ఏ ఊరో, ఆమెకి తెలియదు. పొట్లం కాగితం కూడా పాత పంచాంగంలోంచి చింపేది. బిల్లులో అది లేదు. తూకం తేడా వస్తుంది, చిట్లితే మరకంటారు, మీరు పెట్టెలో ఇంకేమేం పెట్టారో అంటారు. మానేసింది. మానేస్తున్నానని చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు చీరని కెమెరా ముందు పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, బిల్లు నంబరు గట్టిగా చదువుతుంది. జాందానీలో పువ్వు రెండువైపులా ఒకేలా వస్తుంది, అందుకే దానికంత పేరు. ఒక్క మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పోగు పోగు దూర్చి ఆ పువ్వు తీస్తారు. ఆ వీడియోలో నా చేతులున్నాయి, త్రాసుంది, తేదీ ఉంది. రసీదు మీద నా సంతకముంది, అవతల వానపాముంది. నేసిన ఆ ఇద్దరి సంతకం ఎక్కడా ఉండదు. ఎవరూ అడగరు కూడా.

ఇదిగో, ఇది రాస్తుండగానే ఫోనొచ్చింది. హైదరాబాదు నుంచి ఒకామె, పట్టుచీర, ముప్ఫై రెండు వేలు. ఓటీపీ పెట్టిస్తానండీ అన్నాను.

"అయ్యో, ఓటీపీలవీ వద్దండీ. మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటాం. వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యమనండి."

వాచ్‌మన్ పేరేమిటండీ అని అడిగాను.

"వాచ్‌మనే అండీ," అంది.