ఆ గోడ దగ్గరే నా పని

పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఈస్టర్ దీవి మట్టి నా పుట్టిల్లు. అక్కడివాళ్లు ఆ దీవిని రాపా నూయి అంటారు, అందుకే మందునైన నాకు రాపామైసిన్ అని పేరు పెట్టారు. 1964 చివర్లో కెనడా నుంచి ఒక వైద్యబృందం ఓడలో అక్కడికి వచ్చింది. గుర్రాలు తిరిగే నేల మీద చెప్పులు లేకుండా నడిచే జనానికి ధనుర్వాతం ఎందుకు రావడంలేదా అని అందులోని జార్జెస్ నోగ్రాడికి సందేహం వచ్చింది. ఆయన సేకరించిన మట్టి మాంట్రియల్ చేరింది. ఆ మట్టిలోని ఒక బాక్టీరియా కడుపులో నేనున్న సంగతి చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు.

ఆ ఏళ్లలోనే, 1968 జనవరి 2న, కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఫిలిప్ బ్లైబర్గ్ అనే పళ్ల డాక్టరుకు 24 ఏళ్ల యువకుడి గుండె అమర్చారు. బ్లైబర్గ్ 19 నెలలకు పైగా బతికారు. పోయాక పరీక్షిస్తే ఆ పడుచు గుండె ధమనులు బాగా పూడుకుపోయి ఉన్నాయి. మార్చిన గుండె ధమనులను పూడ్చే ఈ జబ్బే నా శత్రువని అక్కడే తేలింది.

ఆ శత్రువు పనితీరు వేరు. కొత్త గుండె ధమని లోపలి పొర పరాయిదని ఒంట్లోని రక్షణ కణాలు దాని మీద పడతాయి. పొర దెబ్బతింటుంది, వాపు మొదలవుతుంది. ఆ వాపు పంపే సంకేతాలకు గోడలోని కండర కణాలు లోపలికి జరిగి, అక్కడే పెరుగుతూ పోతాయి. మామూలు గుండెజబ్బులో ఒకచోట అడ్డు పడుతుంది. ఇక్కడ పాత కుళాయి గొట్టంలో ఉప్పు పేరుకున్నట్టు ధమని పొడవునా దారి సన్నబడుతుంది. స్టెంటు ఎక్కడ వేస్తారు, బైపాస్ ఎక్కడికి కలుపుతారు? పైగా మార్పిడిలో నరాలు తెగిపోతాయి కాబట్టి చాలామందికి ఛాతీనొప్పి కూడా రాదు.

1970లలో మాంట్రియల్‌లోని ఎయర్‌స్ట్ మందుల కంపెనీ ప్రయోగశాలలో సురేన్ సెహగల్ ఆ మట్టి నుంచి నన్ను వేరుచేశారు. మొదట నేను బూజును చంపే మందుని. కానీ రోగనిరోధక శక్తిని అణిచేస్తున్నానని తేలడంతో ఆ ఉద్యోగానికి పనికిరానన్నారు. 1980ల మొదట్లో మాంట్రియల్ ప్రయోగశాల మూతపడి ఆయన అమెరికాకు మారాల్సి వచ్చినప్పుడు, నన్ను పారెయ్యడానికి మనసొప్పక ఇంటి ఫ్రీజరులో దాచారు. అవయవ మార్పిడికి కావలసింది ఆ అణిచే గుణమే కదా! ఆయన పట్టుబట్టి కంపెనీని ఒప్పించారు. 1991లో బాసెల్‌లో జోసెఫ్ హైట్‌మన్, రావు మొవ్వ, మైకేల్ హాల్ ఈస్ట్ కణాల్లో నా గురిని పట్టుకున్నారు. కణానికి 'పెరుగు' అని ఆజ్ఞ ఇచ్చే ప్రోటీన్ అది. నేను దాన్ని ఆపుతాను. రక్షణ కణాలూ పెరగవు, ధమని గోడలోని కండర కణాలూ పెరగవు. రక్షణ కణాలను అణిచే మందులు చాలా ఉన్నాయి, ఈ రెండో పనే నా ప్రత్యేకత.

సిరోలిమస్ అనే పేరుతో నాకు 1999లో అమెరికాలో కిడ్నీ మార్పిడికి అనుమతి దొరికింది. 2003లో నా దగ్గరి బంధువు ఎవెరోలిమస్ మీద జరిగిన గుండె మార్పిడి అధ్యయనం వెలువడింది. ఏడాది తిరిగేసరికి పాత మందు అజాథయోప్రిన్ వాడినవాళ్లలో సగానికి పైగా ధమని గోడలు మందమయ్యాయి. ఎవెరోలిమస్ వాడినవాళ్లలో అలా అయింది సుమారు మూడోవంతు మందికే.

ఆపరేషన్ కాగానే మాత్రం నన్ను ఇవ్వకపోవడమే మేలు. కణాలు పెరగకపోతే కోత కూడా మానదు. నా వల్ల నోట్లో పుళ్లు వస్తాయి, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. తోడుగా స్టాటిన్ కావాలి. ప్రావాస్టాటిన్ కూడా ఈ జబ్బును తగ్గిస్తుందని లాస్ ఏంజిలిస్ వైద్యులు 1995లోనే చూపారు. అయితే బాగా పూడిన ధమనిని మళ్లీ తెరవడం నా చేత కాదు. గాయం పూర్తిగా మానాక, గోడ ఇంకా పలచగా ఉన్న తొలి ఏళ్లలోనే నన్ను పిలవమని డాక్టర్లను కోరుకుంటాను.