వెండితెర వధ్యశాల

ఇటీవల విడుదలైన భారీ చిత్రమొకటి చూచి వచ్చిన నాటినుండి, ఆలంకారికులు బీభత్సరసమునకు స్థాయీభావముగా నిర్దేశించిన జుగుప్స గాని, భయానకమునకు మూలమైన భయము గాని నాలో లేశమైనను పొడసూపక, కేవలము ఆవులింతలే ఏల కలిగినవా యని ఆలోచించుచున్నాను. ఖడ్గములు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, కడపట ఫిరంగి యంతటి తుపాకి, ఇన్ని ఆయుధములు మ్రోగుచుండగా కునుకు పట్టుట వయసు మహిమ యని మా ఇంటివారందురు గాని, నేను మాత్రము దర్శకుని ప్రతిభ యనియే నమ్ముచున్నాను.

ఆ యుద్ధక్రమమును కొంచెము అవధరింపుడు. తెల్లని వాహనములు ధూళి రేపుచు వచ్చి బారులుగా నిలుచును. వానినుండి దిగిన బలిష్ఠులు నాయకుని చుట్టును వలయముగా ఏర్పడుదురు. అందరును ఒక్కుమ్మడి పైబడినచో కథ అర్ధనిమిషమున ముగియును గనుక, ఒకడు హతుడగువరకు రెండవవాడు కొడవలి పైకెత్తి, నిలిచినచోటనే గర్జించుచు, తన వంతుకై వేచియుండును. రేషను దుకాణమువద్ద ఏనాడును కానరాని ఈ క్రమశిక్షణ మన జాతికి మృత్యుముఖమున మాత్రమే అబ్బినట్లున్నది. తన్ను తిన్నవాడు తిన్నగా నేల కూలక, గాలిలో మూడు చుట్లు తిరిగి, స్లో మోషనులో దిగివచ్చు నంతలో బయటికి పోయి కాఫీ త్రాగి రావచ్చును. అంతట నాయకుడు శవముల నడుమ కూర్చుండి సిగరెట్టు ముట్టించును. వెంటనే తెర మూలయందు, పొగ త్రాగుట ఆరోగ్యమునకు హానికరమను హెచ్చరిక వెలయును! చిత్రారంభమున ఏ జంతువునకును హాని కలుగలేదని నిర్మాత చేసిన ప్రమాణమును దీనితో కలిపి చదువుకొన్నచో, ఎద్దులును ఊపిరితిత్తులును క్షేమముగా నున్నవి గదా యని మనము నిశ్చింతగా ఉండవచ్చును.

హింస యన్నంతనే నాకు విరోధమని తలపవలదు. 1989లో వచ్చిన ‘శివ’లో ఒక విద్యార్థి సైకిలు చైను ఊడబెరికినపుడు హాలు హాలంతయు ఉలిక్కిపడినది, ఆ చేయి ఎవరిదో, ఆ కోపము ఎందులకో మనకు తెలియును గనుక ఒక్క చైనే చాలినది. తరువాత ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) ఘనవిజయములైన పిమ్మట, రాయలసీమ యంతయు రణభూమియే యని మన కథకులు తీర్మానించినారు. పాపము, మా అనంతపురపు మిత్రులు వానకొరకును, వేరుసెనగ ధరకొరకును ఎదురుచూచినంతగా ఏ శత్రువుకొరకును ఎదురుచూడరు! ఆ సీమయు చాలకపోగా, ‘సలార్’ (2023) నాటికి ఏ పటమునందును లేని రాజ్యమునే నిర్మించుకొని అందు నరుకుకొనవలసి వచ్చినది.

యుద్ధము, రాజ్యభ్రంశము, మరణము, నగరనిరోధము అంకమునందు ప్రత్యక్షముగా చూపరాదనియు, ప్రవేశకముచే తెలుపవలెననియు నాట్యశాస్త్రము విధించినది. ‘ఊరుభంగము’న దుర్యోధనుని రంగముమీదనే మరణింపజేసి భాసుడు ఆ విధిని ఉల్లంఘించెను. ఐనను ఆ యొక్క చావు నేటికిని మనలను కలచివేయుచున్నది. ఏలయనిన, తొడలు విరిగి పడియున్న ఆ రాజునొద్దకు గ్రుడ్డితండ్రి వచ్చును, తల్లి వచ్చును, భార్యలు వత్తురు. పసివాడు దుర్జయుడు వచ్చి, ఎప్పటివలెనే తండ్రి తొడపై కూర్చుండబోవును. మన తెరమీద కూలువానికో, తొడయెక్కు బిడ్డ లేడు, ఏడ్చు ఇల్లాలు లేదు, కడకు పేరైనను లేదు. ఇక ఏమి చూచి కన్నీరు పెట్టవలయును, ఏమి చూచి భయపడవలయును?

ఈ సంశయమునే మా మేనల్లుని యెదుట వెలిబుచ్చితిని. వాడు ఆ చిత్రమును మొదటి రోజున మొదటి ఆటకే చూచిన భక్తుడు.

“ఆ ఎలివేషన్ చూశావా మామయ్యా! నాకైతే రోమాలు నిక్కబొడుచుకున్నాయి,” అన్నాడు.

“చచ్చినవాళ్ళలో ఒక్కడి పేరైనా చెప్పరా.”

“వాళ్ళకి పేర్లెందుకు మామయ్యా, ఫైటర్లు కదా! అయినా నువ్వు పార్ట్ టూ చూడాలి. అందులో వీళ్ళ తమ్ముళ్ళంతా పగ తీర్చుకోడానికి వస్తారట.”

అన్నలు పోయిన పిమ్మట తమ్ములనైనను ఆ బండ్లెక్కనీయక, రెక్క పట్టుకొని ఇంటిలోనికి ఈడ్చుకొనిపోగల తల్లి ఒక్కతెయు ఆ ఊర లేకపోయెనా యని నే నడుగుచుండగనే, వాడు ఫోనులో ట్రైలరు పెట్టి, శబ్దము పెంచి, నా చేతి కిచ్చెను.