పిడుగురాళ్ళ సున్నం చెప్పిన కాటా లెక్క

నేను పిడుగురాళ్ళ సున్నపురాయిని. మా వాళ్ళు కొందరు రెండు వేల ఏళ్ళ కిందటే అమరావతి స్తూపం మీద శిల్పాలై, చివరికి చెన్నై, లండన్ మ్యూజియాల్లో కూర్చున్నారు. నాకా యోగం లేదు. క్వారీ నుంచి నేరుగా బట్టీకే. 2022 దాకా మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. రాయికి ఏ జిల్లా అయితేనేం!

బట్టీలో నన్నూ బొగ్గునూ పొరలు పొరలుగా పేర్చి నిప్పు పెట్టారు. వేడి 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి వచ్చేసరికి నా ఒంట్లోంచి కార్బన్ డై ఆక్సైడ్ వెళ్ళిపోవడం మొదలైంది. దించాక ఆకారం ఇంచుమించు అదే, తూకమే పడిపోయింది. కల్తీలేని రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. కాటా దగ్గర కొత్త కూలీ ఎవరో రాళ్ళెత్తుకెళ్ళారనుకున్నాడు. ఆ 44 కిలోలూ గాల్లో కలిశాయి, అంతే. కాల్షియం ఒకటి, కార్బన్ ఒకటి, ఆక్సిజన్లు మూడు: కాలకముందూ అన్నే, కాలాకా అన్నే. పరమాణువులు జట్లు మారాయి గానీ ఒక్కటీ మాయం కాలేదు. ఫ్రాన్సులో లావోయిజే 1789లో పుస్తకం రాసి చెప్పింది ఇదే.

తర్వాత నీళ్ళు పోశారు. కుతకుతలాడుతూ పిండినయ్యాను. 56 కిలోలకు 18 కిలోల నీరు కలిసి 74. నాతో దిగినవాళ్ళు గోడలకెక్కారు. అక్కడ గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుని, నీటిని వదిలి మెల్లగా మళ్ళీ రాయవుతారు. వెల్ల ఆరిందని మీరనేది సగమే నిజం.

నన్ను మాత్రం పత్తి రైతు కొన్నాడు. విత్తనాల నూగు తీయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడి, నీళ్ళతో కడిగాక మిగిలిన పులుపు విరగడానికి సున్నపునీళ్ళలో ముంచుతారు. పక్కనే పదో తరగతి చదివే కూతురు ఆ చర్యనే నోటుబుక్కులో రాస్తోంది: ఆమ్లం, సున్నం కలిస్తే కాల్షియం సల్ఫేట్, నీరు.

"ఏందమ్మా, అంతసేపు చూస్తన్నావు?"

"లెక్క కుదరట్లేదు నాన్నా. ఇటు హైడ్రోజన్లు నాలుగు, అటు రెండే. ఆక్సిజన్ కూడా ఒకటి తగ్గింది."

నీటి సంకేతంలో ఇంకో ఆక్సిజన్ ఇరికించబోయింది. నాకు గుండె ఆగినంత పనైంది! అలా రాస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. లోపలి అంకె మార్చితే పదార్థమే మారిపోతుంది. మార్చదగింది ముందుండే గుణకమే. కాసేపటికి తనే కొట్టేసి, నీటి ముందు 2 వేసింది. ఇటు 98కి 74 కలిపితే 172, అటు 136కి 36 కలిపినా 172.

నేనిప్పుడు ఆ సున్నపునీళ్ళ తొట్టి అడుగున కాల్షియం సల్ఫేట్‌ని. నీటిని పట్టుకుని ఉంటే నన్ను జిప్సం అంటారు. చౌడు నేలలకు చల్లుతారు, వేరుశనగకూ వేస్తారు.